గోజో ఫెర్రీ: వెళ్లేటప్పుడు టికెట్టు అడగని ఓడ

మాల్టా ఉత్తరపు కొసన ఉన్న చిర్కెవ్వా రేవులో బస్సు దిగింది మొదలు మా వారు టికెట్ కౌంటరు కోసం వెతుకుతూనే ఉన్నారు. హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచారు, గోడల మీది బోర్డులన్నీ చదివారు, చివరికి రేవు ఉద్యోగి ఒకాయనను అడిగారు. "గోజోకు వెళ్లేటప్పుడు టికెట్టు అక్కర్లేదు, తిరిగి వచ్చేటప్పుడు అక్కడ కొనుక్కోండి" అని ఆయన చిరునవ్వుతో చెప్పినా మా వారికి నమ్మకం కుదరలేదు. పక్కనే నిలబడిన ఒకావిడను మళ్లీ అడిగితే ఆమె కూడా అదే మాట చెప్పింది. ఓడ కదిలి రేవు వెనకబడిన తరువాత కూడా, ఎవరో ఒకరు వచ్చి టికెట్టు చూపించమంటారేమోనని, ఆయన చేయి చొక్కా జేబులో మడిచి పెట్టుకున్న పది యూరోల నోటు మీదే ఉంది.

ఈ పద్ధతి వెనుక ఉన్న లెక్క చాలా తేలికైనది. గోజో ఒక ద్వీపం. వెళ్లినవాళ్లు ఏదో ఒక రోజు తిరిగి రావలసిందే కనుక, రానుపోను ఛార్జీ మొత్తాన్ని గోజోలోని ఇమ్‌జార్ రేవులో, తిరుగు ప్రయాణంలో ఒక్కసారే తీసుకుంటారు. మేము వెళ్లినప్పుడు వాహనం లేకుండా ఎక్కే ప్రయాణికుడికి రానుపోను కలిపి 4 యూరోల 65 సెంట్లు పడింది. మాల్టాలో గడిపిన ఎనిమిది రోజుల్లో మేము డబ్బు పెట్టి పొందిన వాటన్నింటిలో ఇంతకంటే తృప్తినిచ్చినది మరొకటి లేదు. అందుకే హోటళ్లనూ భోజనశాలలనూ పక్కన పెట్టి, గోజో ఛానెల్ సంస్థ నడిపే ఈ ఫెర్రీ గురించే రాయాలని కూర్చున్నాను.

మా పెళ్లయి పాతికేళ్లు నిండిన సందర్భంగా, సెప్టెంబరు నెలాఖరులో చేసిన ప్రయాణమిది. మధ్యధరా సముద్రంలో ఎన్నో ద్వీపాలుండగా మాల్టాను ఎంచుకోవడానికి మా కారణాలు మాకున్నాయి. అక్కడ మాల్టీస్‌తో పాటు ఇంగ్లీషు కూడా అధికార భాష. 1964 వరకు బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం కనుక వాహనాలు రోడ్డుకు ఎడమ వైపునే నడుస్తాయి, గోడకున్న ప్లగ్గులు కూడా బ్రిటన్‌లో వాడే మూడు పలకల పిన్నులవే. దేశం మొత్తం వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు; అందులో మాల్టా ద్వీపం 246, గోజో 67, వాటి మధ్యనున్న కొమినో మిగిలిన కాస్తంత. ఇంత చిన్న దేశాన్ని ఎనిమిది రోజుల్లో నెమ్మదిగా, తొందరపడకుండా చూడవచ్చుననుకున్నాం. తొందరపడకూడదన్న నియమాన్ని మూడో రోజునే మేమే తప్పాం.

ఆ రోజు స్లీమా నుంచి బయలుదేరే ఒక విహార నౌక ఎక్కాం. కొమినో, గోజో రెండూ ఒకే రోజులో చూపిస్తామనీ, శాకాహార భోజనం కూడా ఉంటుందనీ చెప్పి డబ్బులు ముందే కట్టించుకున్నారు. కొమినో తీరాన ఉన్న బ్లూ లగూన్ నీటి రంగును మాత్రం తక్కువ చేసి చెప్పలేను. అడుగున ఉన్న తెల్లని ఇసుక వల్ల ఆ నీరు లేత నీలంలోకి, మరికొంత దూరంలో పచ్చదనంలోకి మారుతూ ఉంటుంది, మెడలోతు నీటిలో నిలబడినా కాలివేళ్లు లెక్కపెట్టుకోవచ్చు. అయితే అక్కడ తువ్వాలు పరుచుకోవడానికి జాగా దొరకలేదు, ఓడలో పాటల హోరు క్షణం ఆగలేదు, శాకాహార భోజనమంటే రెండు బ్రెడ్డు ముక్కలూ నాలుగు ఆకులూ అని తేలింది. ఆ తరువాత గోజోలో దింపి, వ్యానులో విక్టోరియా పట్టణానికి తీసుకువెళ్లి, జ్ఞాపికలమ్మే దుకాణం ముందు నలభై నిమిషాలు నిలబెట్టి, మళ్లీ ఓడ ఎక్కించారు. "గోజోను మనం చూశామా, గోజోనే మనల్ని చూసి పంపించిందా?" అని మా వారు ఆ సాయంత్రం అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. రాజధాని వాలెట్టాలో గడపాలనుకున్న చివరి రెండు రాత్రులను గోజోకు మార్చేయడమే ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు.

వాలెట్టా నుంచి చిర్కెవ్వాకు 41వ నంబరు బస్సు వెళ్తుంది. విమానాశ్రయం నుంచి నేరుగా రావాలనుకునేవాళ్లకు ఎక్స్1 బస్సు ఉంది. వేసవిలో ఒక టికెట్టు ధర రెండున్నర యూరోలు, అది రెండు గంటల పాటు చెల్లుతుంది కనుక మధ్యలో బస్సు మారినా మళ్లీ కొనవలసిన పని లేదు. ద్వీపం చిన్నదే అయినా బస్సు ప్రతి ఊరినీ పలకరిస్తూ పోతుంది, గంటకు పైగానే పడుతుందని లెక్కవేసుకుని బయలుదేరాలి.

ఇక ఓడ సంగతి. ఈ మార్గంలో తిరిగే ఓడల్లో మూడింటి పేర్లు తా పీను, గౌదోస్, మలీటా. తా పీను అన్నది గోజోలోని ప్రసిద్ధమైన చర్చి పేరు, గౌదోస్ గోజోకు గ్రీకులు పెట్టిన పాత పేరు. మేము వెళ్లేటప్పుడు గౌదోస్‌లోనూ వచ్చేటప్పుడు తా పీనులోనూ ప్రయాణించాం. వీటికి ముందూ వెనకా అన్న తేడా లేదు. రెండు చివరలా తలుపులున్నాయి. ఒక రేవులో ఈ చివర నుంచి లోపలికి నడిపించిన కారు, అవతలి రేవులో ఆ చివర నుంచి తిన్నగా బయటికి వెళ్లిపోతుంది, వెనక్కి తిప్పుకోవలసిన అవసరమే రాదు. ఓడ కూడా అంతే, తిరగకుండా అదే ముఖంతో వెనక్కి బయలుదేరుతుంది. ఇంజనీరుగా పనిచేసిన మా వారికి ఇది ఎంత నచ్చిందంటే, టికెట్టు గురించిన బెంగను ఐదు నిమిషాల పాటు మరిచిపోయి, పై అంతస్తు కటకటాల మీదికి వంగి కిందికి వస్తున్న లారీలనూ వ్యాన్లనూ లెక్కపెట్టారు.

ఆ వాహనాలను చూస్తేనే ఇది యాత్రికుల కోసం పెట్టిన ఓడ కాదని అర్థమవుతుంది. కూరగాయల బుట్టలతో ఒక వ్యాను, సిమెంటు బస్తాలతో ఒక లారీ, ఏదో బేకరీ బండి, ఆ వెనుక ఆఫీసు దుస్తుల్లో ఉన్నవాళ్ల కార్లు. పై అంతస్తులో మా ఎదుటి బల్ల దగ్గర ఇద్దరు విద్యార్థినులు పుస్తకాలు తెరిచి చదువుకుంటున్నారు, వాళ్ల పక్కన ఒకాయన తల గోడకు ఆనించి నిద్రపోతున్నారు. మోటారు శబ్దం మారగానే కళ్లు తెరిచి, అద్దంలోంచి చూడకుండానే సంచి భుజానికి తగిలించుకున్నారు. రోజూ వచ్చిపోయేవాళ్లకు రేవు చెవికే తెలుస్తుందన్నమాట. రెండు ద్వీపాల మధ్య సముద్రం కింద సొరంగం తవ్వాలన్న చర్చ అక్కడ ఏళ్లుగా నడుస్తోంది. రోజూ పనికి వెళ్లివచ్చేవాళ్ల కష్టం వాళ్లకే తెలుసు కనుక దాని మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయినా ఆ ఇరవై ఐదు నిమిషాల గాలి పోగొట్టుకోవడం నాకు మాత్రం బాధ కలిగిస్తుంది.

ప్రయాణం సరిగ్గా అంతే, ఇరవై ఐదు నిమిషాలు. గోజోకు వెళ్లేటప్పుడు పై డెక్కు మీద కుడి వైపు కూర్చోవాలన్నది ఈ సమీక్ష చదివేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా. కొమినో ద్వీపం మొత్తం ఆ వైపు నుంచే కనిపిస్తుంది. చెట్లు పెద్దగా లేని ఆ గోధుమ రంగు నేల మీద, 1618లో అప్పటి మాల్టా పాలకులైన సెయింట్ జాన్ నైట్స్ కట్టించిన చతురస్రాకారపు కావలి బురుజు ఒంటరిగా నిలబడి ఉంటుంది. మూడు రోజుల కిందట గుంపులో తోసుకుంటూ చూసిన కొమినోయే ఇది. దూరం నుంచి, నిశ్శబ్దంగా, చేతిలో వేడి టీ పట్టుకుని చూసినప్పుడు అది మేము మునుపు చూసిన చోటేనా అనిపించింది.

ఆ టీ దొరికేది ఓడలోని కెఫెటేరియాలోనే. అక్కడే పాస్టిత్సీలు కూడా అమ్ముతారు. పొరలు పొరలుగా విడిపోయే పిండితో చేసి, లోపల రికోట్టా జున్ను గాని, బఠానీల ముద్ద గాని పెట్టి కాల్చిన ఈ తినుబండారం మాల్టా వాళ్లకు రోజువారీ ఫలహారం. ఆకారాన్ని బట్టి లోపల ఏముందో చెప్పవచ్చునన్న చిన్న రహస్యాన్ని అమ్మకందారు అమ్మాయి నాకు నేర్పించింది: నడిమధ్యన మడత పడి, పడవలా రెండు కొసలూ సన్నగా ఉన్నది జున్నుది; పక్కకు మడిచి మూసేసినది బఠానీలది. శాకాహారులు మాత్రం బఠానీలదాన్ని కొనేముందు లోపల ఇంకేమైనా కలిపారా అని ఒకసారి అడగడం మంచిది. నేను కొరికిన మొదటి ముక్కకే పొరలు పొడిపొడిగా రాలి చీర కుచ్చిళ్ల నిండా పడ్డాయి, లోపలి జున్ను నాలుక కాలేంత వేడిగా, కాస్త ఉప్పగా, మెత్తగా ఉంది. మా వారు కూల్‌డ్రింకు అనుకుని కిన్నీ అనే సీసా కొన్నారు. 1952 నుంచి మాల్టాలో తయారవుతున్న ఈ పానీయాన్ని చేదు నారింజలతోనూ సుగంధ మూలికలతోనూ చేస్తారు. మొదటి గుక్కకు ఆయన కనుబొమలు పైకి లేచాయి, రెండో గుక్క దగ్గర ఆగిపోయారు, మూడో గుక్క నుంచి సీసా నా చేతిలోకి వచ్చింది. ఆ చేదు వెనుక మెల్లగా వచ్చే తీపి నాకు ఎంతో నచ్చి, మిగిలిన రోజులన్నీ అదే తాగాను.

పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మా మాటలు విని, "ఆవ్దెష్?" అని వేలితో ముందుకు చూపించింది. మేము అర్థం కాక చూస్తుంటే, గోజోను తమ భాషలో అలాగే పిలుస్తారని ఇంగ్లీషులో వివరించింది. అరబ్బీ మూలాల నుంచి పుట్టి, రోమన్ లిపిలో రాసుకునే మాల్టీస్ భాషలో రాతకూ పలుకుకూ మధ్య మాకు తెలియని నియమాలు చాలా ఉన్నాయి. దిగవలసిన రేవు పేరును మేము మొదటి రోజు నుంచి "మ్‌గార్" అంటూ వచ్చాం. అది ఇమ్‌జార్ అని, జి మీద చుక్క ఉంటే జకారమని ఆమే దిద్దింది. ధన్యవాదాలకు "గ్రాత్సి" అనాలని కూడా నేర్పింది. మా వారు ఆ ఒక్క మాటను ఆమె మీదే వెంటనే ప్రయోగించారు, ఆమె ఎంతో సంతోషించింది.

ఇమ్‌జార్ రేవు దగ్గరపడుతున్నప్పుడు డెక్కు మీద లేచి నిలబడాలి. కొండ మీద చాంబ్రే కోట గోడలు, తెల్లని కొనదేలిన శిఖరంతో లూర్దుమాత ప్రార్థనాలయం, కింద నీటిలో నీలం, పసుపు, ఎరుపు, పచ్చ పట్టీలతో రంగులు వేసిన లుత్సు అనే చేపల పడవలు కనిపిస్తాయి. ప్రతి పడవ ముందు భాగంలోనూ రెండు వైపులా కళ్లు చిత్రించి ఉంటాయి. సముద్రంలో జాలరిని ఆపదల నుంచి ఆ కళ్లు కాపాడతాయని నమ్మకం. "ఏమండీ, ఊరంతా మనల్నే చూస్తున్నట్టుంది" అంటే, "నీ జరీ చీరనే చూస్తున్నాయి" అన్నారు మా వారు. పాతికేళ్ల తరువాత విన్న ఆ మాటను ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను.

రేవు బయటే 301వ నంబరు బస్సు ఆగి ఉంటుంది, అది విక్టోరియాకు తీసుకువెళ్తుంది. గోజోలో దాదాపు అన్ని బస్సులూ విక్టోరియా నుంచే బయలుదేరుతాయి కనుక బస అక్కడ తీసుకుంటే కారు లేకుండానే ద్వీపమంతా తిరగవచ్చు. ఫెర్రీ రాత్రీ పగలూ నడుస్తుంది, చివరి ఓడ తప్పిపోతుందన్న భయం ఉండదు. ఏ చోటైనా మనసుకు నచ్చినంత సేపు ఉండగలగడం ఆ ఒక్క సౌకర్యం వల్లే సాధ్యమైంది. జిగాంతియా ఆలయాల దగ్గర మేము రెండున్నర గంటలు ఉన్నాం. క్రీస్తు పూర్వం 3600 ప్రాంతంలో మొదలైన ఆ కట్టడాలు ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి. అంత పెద్ద రాళ్లను మనుషులు మోయలేరని తలచిన అక్కడివాళ్లు, బిడ్డను చంకనెత్తుకున్న ఒక రాక్షస స్త్రీ వాటిని మోసుకొచ్చి పేర్చిందని, ఆమె గింజలూ తేనే మాత్రమే తినేదని కథ చెప్పుకునేవారు. బిడ్డను ఎత్తుకుని ఇల్లు కట్టిన స్త్రీ కథ నాకు ఏ మాత్రం వింతగా అనిపించలేదు. అక్కడి రాతి గడపలో తలుపు కడ్డీ కోసం తొలిచిన గుంటలున్నాయి. వాటి అంచులు ఎంత నున్నగా ఉన్నాయో చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవలసిందే, కూర్చున్నాం.

మరునాడు 311వ నంబరు బస్సులో ద్వేయ్రాకు వెళ్లాం. పాత ఫోటోలలో కనిపించే అజూర్ విండో అనే రాతి తోరణం 2017 మార్చి 8న తుఫానులో కూలిపోయింది, ఇప్పుడు అక్కడ ఖాళీ సముద్రమే ఉంది. అది తెలిసే వెళ్లాం, నిరాశ పడలేదు. పక్కనే ఉన్న లోతట్టు కొలను నుంచి చిన్న పడవలు కొండను తొలిచినట్టున్న సన్నని సొరంగం గుండా బయటి సముద్రంలోకి తీసుకువెళ్తాయి. సొరంగం మధ్యలో పడవవాడు మోటారు తగ్గించి నీటిలోకి చూడమన్నాడు. ఎండ ఏ సందులోంచి దూరుతుందో గాని, పడవ కింది నీరంతా నీలపు దీపం వెలిగించినట్టుంది. మా వారు మాట్లాడలేదు, ఫోటో తీయలేదు, నా చేయి మాత్రం పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం ఎర్రమట్టి రంగు ఇసుకతో ఉండే రమ్లా తీరానికి వెళ్లాం. ఆ తీరం పైనున్న గుహలోనే కాలిప్సో అనే అప్సర ఒక గ్రీకు వీరుణ్ణి ఏడేళ్లు తన దగ్గర ఉంచుకున్నదని గాథ. "ఏడేళ్లేనా?" అన్నారాయన నీటిలోంచే.

ఈ సేవ ఎవరికి సరిపోతుందో, ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. అద్దె కారుతో వెళ్లాలనుకునేవాళ్లు వేసవి వారాంతాల్లోనూ, ఆగస్టు 15న వచ్చే సాంతా మరీయా పండుగ రోజుల్లోనూ రేవులో పొడవాటి వరుసలకు సిద్ధపడాలి. నడిచి ఎక్కేవాళ్లకు ఆ ఇబ్బంది ఉండదు. వాలెట్టాలోనే బస ఉండి, ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్లకు, 2021లో మొదలైన ఫాస్ట్ ఫెర్రీ మేలు. అది వాలెట్టా నుంచి నేరుగా ముప్పావు గంటలో ఇమ్‌జార్ చేరుస్తుంది, బస్సు ప్రయాణం తప్పుతుంది. అయితే అది చిన్న పడవ, గాలి ఎక్కువైన రోజున నిలిపివేసే అవకాశముంది కనుక ముందుగా కనుక్కోవాలి. పెద్ద ఓడలో కడుపులో తిప్పడం వంటివి మాకు రెండు పూటలా కలగలేదు, సముద్రం కూడా మాకు అనుకూలంగానే ఉంది. సెప్టెంబరు ఎండ కూడా నడినెత్తిన గట్టిగానే తగులుతుంది, డెక్కు మీద కూర్చోవాలనుకుంటే టోపీ మరువకూడదు. సామాన్లు ఎక్కువగా ఉన్నవాళ్లు పెద్ద పెట్టెలను మాల్టాలోని హోటల్లోనే వదిలి, మేము చేసినట్టు ఒక్క చేతిసంచితో వెళ్తే బస్సు ఎక్కడం, ఓడ దిగడం రెండూ సులువవుతాయి.

రెండో రాత్రి గడిచాక, మూడో రోజు సాయంత్రం ఇమ్‌జార్ రేవుకు చేరుకున్నాం. నా సంచిలో ష్వేయ్‌ని ఉప్పుమడుల దగ్గర కొన్న సముద్రపు ఉప్పు పొట్లం ఉంది. సున్నపురాతి నేలలో గళ్లుగళ్లుగా తొలిచిన ఆ మడుల్లో తరతరాలుగా ఒకే కుటుంబాలవాళ్లు వేసవిలో ఉప్పు పండిస్తున్నారు, ఆ రాళ్ల అంచున తెల్లగా పేరుకున్న ఉప్పును చీపురుతో ఊడ్చే మనిషిని చూస్తూ ఒక పూటంతా కూర్చున్నాం. రేవులో టికెట్ కౌంటరు ఈసారి ఎదురుగానే కనిపించింది. మా వారు మూడు రోజులుగా జేబులో దాచిన ఆ పది యూరోల నోటును గాజు కింది నుంచి లోపలికి జరిపి, "ఇద్దరికి" అన్నారు. తొమ్మిది యూరోల ముప్పై సెంట్లు పోను డెబ్బై సెంట్ల చిల్లర తిరిగి వచ్చింది. ఆయన "గ్రాత్సి" అంటే లోపలి అమ్మాయి మాల్టీస్‌లో గబగబా ఇంకేదో బదులిచ్చింది. అదేమిటో మాకు తెలియలేదు, ఇద్దరమూ తల ఊపి ఓడ ఎక్కాం. తిరిగి వచ్చేటప్పుడు కొమినో ఎడమ వైపు ఉంటుంది, సూర్యుడు కుడి వైపు దిగుతాడు. ఎటు కూర్చోవాలో తేల్చుకోలేక ఓడ మధ్యలో నిలబడ్డాం, బురుజు మీది ఎండ ఎర్రబడేదాకా ఆయన అటు, నేను ఇటు చూస్తూ ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చాం.